నాలుక కింద చుక్క

"చించెయ్," అన్నారు అచ్యుతరామయ్య.

రాఘవ చించలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతిలో చిన్న కాగితం పట్టుకుని, మైథిలి మేడం వైపూ ఆవిడ మామగారి వైపూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

కార్వాన్‌లోని ఆ ఇంటికి ముందుగది క్లినిక్. వెనక నాలుగు గదుల్లో సంసారం. మధ్యలో ఒక కర్టెన్. అవతల ఏం గొడవ జరిగినా ఇవతలి పేషెంటుకు వినపడకూడదన్నది ముప్ఫై రెండేళ్ళుగా ఆ ఇంటి చట్టం. ఆ ఆదివారం మధ్యాహ్నం కర్టెన్ ఒక మూలకు పోయి ఉంది, కంచాల్లో అన్నం చల్లారిపోతోంది, చట్టం ఎవరికీ గుర్తు లేదు.

"మేడం వాళ్ళ ఇల్లని తెల్వక వచ్చిన సార్," అన్నాడు రాఘవ, మూడోసారి. "పేషెంట్ జేబుల మీ మందుల చీటీ దొరికింది. దాని మీద అడ్రస్ ఉండె. హిస్టరీ పూర్తిగ తీసుకోవాలె అని మేడమే చెప్పిన్రు. గందుకే..."

ఎంత అమాయకుడండీ! రోగి కథ పూర్తిగా రాబట్టమంటే, అంతకుముందు మందిచ్చిన డాక్టరు ఇంటికే వెళ్ళి, భోజనాల వేళ తలుపు కొట్టి, 'ఆ మందు ఎందుకు ఇచ్చిన్రు సార్' అని అడిగే మెడికల్ విద్యార్థి ఈ హైదరాబాదు మొత్తం మీద ఇంకొకడు ఉండడు. గుడిమల్కాపూర్‌లో పూలమ్మే ఇంట్లోంచి వచ్చి, నాలుగేళ్ళుగా మొదటి బెంచీ వదలని పిల్లాడు. అడగమన్నది అడిగాడు. వాడి తప్పేముంది?

తప్పు ఏమైనా ఉంటే అది మైథిలిది. ఆ చీటీల పద్ధతి పెట్టింది ఆవిడే. పెద్దాసుపత్రిలో ఆవిడ వార్డుకి వచ్చిన ప్రతి విద్యార్థీ తను చూసిన ఒక రోగి గురించి చీటీ రాయాలి. ఈ మందు ఎందుకు ఇచ్చాం? ఇస్తే మేలని ఎక్కడ తెలిసింది? ఇవ్వకపోతే ఏమయ్యేది? జవాబు లైబ్రరీలో వెతుక్కొచ్చి, రోగి మంచం పక్కన నిలబడి అందరికీ చెప్పాలి. 'మా సార్ ఇట్లనే చేస్తరు' అన్నది జవాబు కాదు. ఒకసారి రాసిన చీటీ ఎవరికి ఇబ్బందైనా సరే చించకూడదు. పిల్లలు దానికి చీటీ క్లాసని పేరు పెట్టుకున్నారు.

"ఇంకోసారి చదువు," అన్నారు అచ్యుతరామయ్య. "మా ఆవిడ కూడా వింటుంది."

రాఘవ గొంతు సవరించుకున్నాడు.

"బాలనర్సింహ, యాభై ఏండ్లు, బేగంబజార్ల హమాలీ. గురువారం పొద్దున తలనొప్పి. బీపీ రెండు వందల ఇరవై. క్లినిక్‌ల క్యాప్సూల్ గుచ్చి నాలుక కింద చుక్క వేసిన్రు. అరగంటకు బీపీ నూట పది. ఇంటికి పోతుంటే ఆటోలనే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. ప్రశ్న: చుక్క ఎందుకు వేసిన్రు? వేస్తే మేలని..."

"చాలు."

అచ్యుతరామయ్య లేచి నిలబడ్డారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఇంకా వెన్ను వంగలేదు.

"ఎందుకు వేశానా? రెండు వందల ఇరవై బీపీతో మనిషి నా ముందు కూర్చుంటే చేతులు కట్టుకు చూడమంటావా? తలలో నరం చిట్లితే ఎవరు జవాబు చెబుతారు, నువ్వా?"

"వాణ్ణి అనకండి మామయ్యా. నన్నడగండి," అంది మైథిలి. "ఆయనకు తలనొప్పి ఒక్కటే ఉండె. చూపు బాగుంది, మాట బాగుంది, గుండె బాగుంది. మాత్ర ఇచ్చి ఒకటి రెండు రోజుల్ల మెల్లగ దించుతే సరిపోతుండె. అరగంటల సగానికి దించుతే మెదడుకు రక్తం అందదు. రెండు మూడేండ్ల సంది పత్రికల్ల రాస్తనే ఉన్నరు."

"తెల్లవాళ్ళ పత్రికలు."

"తెల్లోళ్ళదైనా మనదైనా మెదడు మెదడే కదా."

"నాకు పత్రికలు కాదమ్మాయ్, మనుషులు చెప్పారు." ఆయన చూపుడువేలు క్లినిక్ బల్ల వైపు తిరిగింది. "పదిహేనేళ్ళుగా వేస్తున్నాను. మీ అత్తయ్య సూదితో గుచ్చి ఇస్తుంది, నేను నాలుక కింద పిండుతాను. మర్నాడు ప్రతివాడూ వచ్చి, తలనొప్పి తగ్గింది సార్ అని దణ్ణం పెట్టి పోతాడు. ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు తిరిగొచ్చి, మీ చుక్క నన్ను ముంచింది అనలేదు."

"రానోళ్ళు ఉంటరు కద సార్?" అన్నాడు రాఘవ.

వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక ఒకటి వినిపించి దూరమైంది.

"ఏమన్నావ్?"

"మంచిగైనోళ్ళు మళ్ళ మీ తానికే వస్తరు సార్. మంచిగ కానోళ్ళు దవాఖానకు పోతరు. లేకుంటె..." వాడికి అప్పటికి తెలిసొచ్చింది, ఎక్కడ నిలబడి ఏం మాట్లాడుతున్నాడో. "సారీ సార్."

"నువ్వు పో రాఘవా," అంది మైథిలి. "రేపు తొమ్మిదింటికి వార్డుకి రా. చీటీ తీసుకుని రా."

వాడు చెప్పులు చేత్తో పట్టుకునే వీధిలోకి నడిచాడు.

అప్పటిదాకా పెరుగన్నం కలుపుతూ కూర్చున్న వేణుగోపాల్ నోరు విప్పాడు. సచివాలయంలో సెక్షనాఫీసరు. తండ్రికీ భార్యకీ మధ్య ఎప్పుడూ మధ్యేమార్గం ఒకటి జేబులో ఉంచుకునే మనిషి.

"ఫికర్ ఎందుకు ఇంత? పేరు తీసేసి చదివించు మైథిలీ. ఎవరో ప్రైవేట్ డాక్టర్ అను. అయిపాయె."

"పేరు ఎట్లాగూ చదివించం. ఏ చీటీల కూడా డాక్టర్ పేరుండది."

"పేరు లేకపోతే మాత్రం?" అన్నారు అచ్యుతరామయ్య. "మంచం పక్కనే అతని భార్య ఉంది. ఎవరు వేశారంటే గొంతెత్తి చెబుతుంది. పదహారు మంది పిల్లలు విన్నారంటే పదహారు ఇళ్ళకి పాకుతుంది. వేరే కేసు చెప్పు. నీ వార్డులో నలభై మంచాలున్నాయి. ఆ చీటీ ఒక్కటీ చించు. నేను అడిగేది అంతే."

"చించను మామయ్యా."

"ఎందుకంట?"

"మా క్యాజువాలిటీల ఇప్పటికీ అదే చుక్క వేస్తున్నరు. ఈ పిల్లలు ఇంకో ఆర్నెల్లకు హౌస్ సర్జన్లయితరు. బీపీ ఎక్కువుందని ఎవరో ఒకళ్ళు వీళ్ళ చేతికి క్యాప్సూల్ ఇస్తరు. ఆ రోజు వీళ్ళ చెయ్యి ఆగాలె. పుస్తకంల చదివితే ఆగదు. బాలనర్సింహను చూస్తే ఆగుతది."

ఆయన చాలాసేపు కోడలి మొహంలోకి చూశారు. ఆ చూపుని తట్టుకోవడం మైథిలికి చేతకాలేదు, నిజం చెప్పాలంటే. పెళ్ళయిన ఏడాదికి ఆవిడ పీజీ సీటు తెచ్చుకుంటే, కడుపుతో ఉన్న పిల్ల మూడేళ్ళు రాత్రి డ్యూటీలేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. చదువుతుంది, మీకేం, అని ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించినవాడు ఈ మామగారే. పరీక్ష ముందు రోజు తన సొంత గుండె మీద స్టెతస్కోపు పెట్టించి చప్పుళ్ళు గుర్తుపట్టించినవాడూ ఈయనే.

"నేను చదివించిన చదువు ఇది," అన్నారాయన. గొంతు తగ్గింది. అరిస్తేనే బాగుండునని మైథిలికి అనిపించింది. "సరే. రేపు ఆ చీటీ చదివించావో, ఈ ముందుగది తలుపు ఇక తెరవను. సొంత కోడలే తప్పన్న డాక్టరు దగ్గరికి ఎవడొస్తాడు?"

ఆయన కర్టెన్ లాగేసుకున్నారు.

వంటింట్లో అత్తగారు సీతారావమ్మ ఎవరూ తినని కూరని గిన్నెలోకి మారుస్తోంది. క్లినిక్‌కి ఆవిడే నర్సు, ఆవిడే కాంపౌండరు, పేర్లు రాసేదీ ఆవిడే. మొగుడి మాటకి ఎదురు చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"ఆ బాలనర్సింహకి మాట వచ్చిందా?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండా.

"లేదత్తమ్మా."

"అన్నం మింగుతున్నాడా?"

"పైపు పెట్టినం."

ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"నేను తప్పు చేస్తున్ననా అత్తమ్మా?"

సీతారావమ్మ కోడలి కంచంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించి, తినమన్నట్టు ముందుకు జరిపింది. మైథిలికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో అడిగినదానికి అన్నం పెట్టడం ఒక జవాబా?

*

సోమవారం తొమ్మిదింటికి పదహారు మందీ మగవాళ్ళ వార్డులో పద్నాలుగో మంచం చుట్టూ నిలబడ్డారు. బాలనర్సింహ కళ్ళు తెరిచి చూస్తున్నాడు. మూతి ఎడమకి లాగేసి ఉంది. రెండు క్వింటాళ్ళ బండిని ఒక్కడే తోసే మనిషట. ఆ కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టుంది.

"చదువు," అంది మైథిలి.

రాఘవ ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. ఆమె తల ఊపింది. వాడు చదివాడు. ఈసారి చివరిదాకా చదివాడు. మూడు ప్రశ్నలకీ లైబ్రరీలో ఏం దొరికిందో చెప్పాడు. చుక్క వేశాక పక్షవాతం వచ్చినవాళ్ళ గురించీ, గుండెపోటు వచ్చినవాళ్ళ గురించీ వేర్వేరు ఊళ్ళ డాక్టర్లు రాసినవి చెప్పాడు. మేలు జరిగిందని చూపించిన పరిశీలన ఒక్కటీ దొరకలేదన్నాడు.

"అయితే ఈయనకు చుక్క వల్లనే పడిపోయిందని రుజువైందా?" అని అడిగింది మైథిలి.

"అయింది మేడం," అన్నాడు రాఘవ.

"కాలేదు. ఒక్క మనిషిని చూసి రుజువంటే, మంచిగైన ఒక్క మనిషిని చూసి మంచి మందనేటోళ్ళకూ మనకూ ఫరక్ ఏముంది? అనుమానం గట్టిగ ఉంది. అంతవరకే చెప్పు."

మంచం అవతల స్టూలు మీద కూర్చున్న కళావతి, బాలనర్సింహ భార్య, అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. ఇంగ్లీషు ముక్కలు దొర్లుతున్నా అసలు సంగతి అర్థమైనట్టే ఉంది. చటుక్కున లేచింది.

"ఏంది, మా డాక్టర్ సాబ్‌నేనా మీరు అంటున్నది? కార్వాన్ డాక్టర్ సాబ్‌ను? నా ముగ్గురు పిల్లలకు జరమొస్తే చూసింది ఆయనే. పైసలు లేవంటె రేపియ్యి అంటడు, రేపు అడగడు. గసుంటి మనిషిని పట్టుకొని గిట్ల పది మందిల నిలబెట్టి అంటరా?"

విద్యార్థులు బూట్లు చూసుకున్నారు. రాఘవ చెవులు ఎర్రబడ్డాయి.

మైథిలి మంచం చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోవచ్చు. పాఠం అయిపోయింది, తర్వాతి మంచానికి పోవచ్చు. పోలేదు.

"ఆయన మా మామయ్యనే అమ్మా," అంది, అందరికీ వినపడేలా. "నేను ఆ ఇంటి కోడల్ని."

కళావతి మళ్ళీ స్టూలు మీద కూలబడింది.

"ఆయన చెడ్డోడని నేనంటలేను. అందరం వేసినం ఆ చుక్క. నేను హౌస్ సర్జన్‌గ ఉన్నప్పుడు ఇదే దవాఖానల నేనూ వేసిన. ఎంతమందికి వేసిన్నో యాదికి లేదు. వాళ్ళు ఇంటికి పోయినంక ఏమైన్రో ఏనాడూ అడగలె."

మేడం తన తప్పు తానే చెప్పుకోవడం ఆ పిల్లలు ఎన్నడూ వినలేదు.

కళావతి భర్త చేతిని దుప్పటి మీంచి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"అయితే ఒక్క మాట చెప్పు డాక్టరమ్మా. గా చుక్క ఇయ్యకపోతే, ఈ చెయ్యి లేస్తుండెనా?"

లేచేది అంటే ఈ మనిషి జీవితాంతం ఏడుస్తుంది. లేచేది కాదు అంటే పదహారు మంది ముందు అబద్ధం.

"తెల్వదమ్మా," అంది.

"తెల్వనిదానికి గింత లొల్లెందుకు మరి?"

"తెలుసుకోవాలె కాబట్టి. తెల్వదని చెప్పనీకె సిగ్గుపడే ఇన్నేండ్లు గడిపినం."

కళావతి మొహం తిప్పుకుని, భర్త మూతి చివర కారుతున్న చొంగని కొంగుతో తుడిచింది.

*

సాయంత్రం ఐదున్నరకి మైథిలి ఆటో దిగేసరికి క్లినిక్ తలుపు మూసి ఉంది. అరుగు మీద నలుగురు పేషెంట్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక ముసలాయన, "డాక్టర్ సాబ్ తబియత్ ఖరాబుందా బేటీ?" అని అడిగాడు. ఒంట్లో ఎలా ఉందో చూసొస్తానని ఆవిడ లోపలికి నడిచింది. ఆసుపత్రిలో మాట ఆసుపత్రిలో ఆగుతుందా? ఆవిడ కంటే ముందే ఇల్లు చేరింది.

ముందుగది మధ్యలో, పేషెంట్లని పడుకోబెట్టే బల్ల మీద, అట్టలు ఊడిపోయిన పాత రిజిస్టర్లు పదిహేను పేర్చి ఉన్నాయి. వాటి వెనక అచ్యుతరామయ్య కూర్చుని ఉన్నారు. మొహం చూస్తే పొద్దుట్నుంచీ కాఫీ కూడా తాగినట్టు లేదు.

"చదివించావుగా."

"చదివించిన."

"మా మామయ్యనే అని కూడా చెప్పావట."

"చెప్పిన."

"బాగుంది." ఆయన పై రిజిస్టరు మీద అరచెయ్యి వేశారు. "నీ పిల్లల్ని పిలువు. చుక్క వేయించుకున్న ప్రతివాడి పేరూ, గల్లీ ఇందులో ఉన్నాయి. ఇల్లిల్లూ తిరగమను. రానివాళ్ళు ఉంటారన్నాడే నీ శిష్యుడు, ఆ రానివాళ్ళని వెతికి తెమ్మను. నేను దాక్కునే మనిషిని కాదు."

మైథిలికి ఏడుపొచ్చినంత పనైంది. తలుపు మూసుకుని అలిగి కూర్చుంటారనుకుంది. ఈయన లెక్క తేల్చుకోడానికి కూర్చున్నారు. ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తిరుగుతం మామయ్యా. ఒక్క పేరూ వదలం. మంచిగున్నోళ్ళనూ రాస్తం, లేనోళ్ళనూ రాస్తం."

"రాయండి. ఎవరూ పడిపోలేదని తేలిందనుకో, ఆ చీటీని నా కళ్ళ ముందు చించాలి."

"చించుతా. పడిపోయిన్రని తేలుతే?"

ఆయన లోపలికి కేకేశారు.

"సీతా! ఇలా రా. నువ్వు చెప్పు. ఈ పదిహేనేళ్ళలో మన దగ్గరికి ఒక్క ఫిర్యాదు వచ్చిందా?"

సీతారావమ్మ చేతులు తుడుచుకుంటూ కర్టెన్ దాటి వచ్చింది. రిజిస్టర్లు చూసింది. అవన్నీ ఆవిడ చేతిరాతే.

"రాలేదండీ."

"విన్నావా?" అన్నారాయన కోడలితో.

"వాళ్ళు రాలేదు," అంది సీతారావమ్మ. "నేను వెళ్ళాను."

"ఎక్కడికి?"

"పరామర్శకి."

అచ్యుతరామయ్యకి వెంటనే అర్థం కాలేదు. పేషెంటు పోయిన ఇంటికి వైద్యుడు వెళ్ళకూడదని ఆయనకి పట్టింపు. తన తండ్రి నుంచీ వచ్చింది. కానీ ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్నవాళ్ళు, బొత్తిగా ఎవరూ వెళ్ళకపోతే ఏం బావుంటుంది? ఇంటి తరఫున ఆవిడే వెళ్ళేది. మంగళవారం కాకుండా చూసుకుని, చాప మీద కాసేపు కూర్చుని, వెళ్ళొస్తానని చెప్పకుండా లేచి వచ్చేది. ఇంటికొచ్చి స్నానం చేసి వంట మొదలుపెట్టేది. ఎవరింటికి వెళ్ళావని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారాయన.

"చుక్క వల్ల అనుకోలేదండీ. బీపీ మనుషులు, ఆయుష్షు తీరింది అనుకున్నాను. నిన్న ఆ పిల్లాడు రానివాళ్ళు అన్నాడు చూడండి, అప్పట్నుంచీ నాకు అన్నం దిగట్లేదు."

"పోయినోళ్ళంతా చుక్క వల్లనే పోయిన్రని కాదత్తమ్మా," అంది మైథిలి గబగబా. "ఏళ్ళ తర్వాత పోతే అది వేరే లెక్క. చుక్క వేసిన రోజు కావాలె, పడిపోయిన రోజు కావాలె. అప్పుడే ఏమన్న తెలుస్తది."

"గుచ్చి ఇచ్చింది నేనే కదమ్మా. ఎవరికి ఎప్పుడు ఇచ్చానో అందులో రాసి ఉంది. ఎవరింటికి ఎప్పుడు వెళ్ళానో నాకు గుర్తుంది."

ఆవిడ పేషెంట్ల స్టూలు లాక్కుని భర్త ఎదురుగా కూర్చుంది. నలభై మూడేళ్ళ కాపురంలో ఆ స్టూలు మీద ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి.

"చదవండి," అంది.

అచ్యుతరామయ్య కళ్ళజోడు పెట్టుకున్నారు. అందరికంటే పాత రిజిస్టరు తెరిచారు. వేలు మొదటి పేరు మీద పెట్టడానికి కాస్త సమయం పట్టింది. మైథిలి బ్యాగులోంచి తెల్లకాగితం, పెన్ను తీసింది.

"కైలాసం. కిరాణా. జియాగూడ."

"ఉన్నాడు. మొన్న సంతలో కనిపించాడు."

మైథిలి రాసింది. ఆయన ఊపిరి వదిలారు.

"విమలాదేవి. టీచరు."

"పోయింది. కానీ చాలా ఏళ్ళకి, కాన్సరు."

అదీ రాసింది. ఆయన గొంతు కొంచెం గట్టిపడింది.

"సావిత్రి. ముప్ఫై ఎనిమిదేళ్ళు. టోలీచౌకి. పద్దెనిమిది ఆగస్టు, ఎనభై మూడు."

బయట అరుగు మీద ఎవరో దగ్గారు, తలుపు మీద మెల్లగా తట్టారు. ఎవరూ లేవలేదు.

"సీతా?"

"పంతొమ్మిదో తారీఖున వెళ్ళానండీ," అంది సీతారావమ్మ. "చిన్నపిల్ల పాలకి ఏడుస్తోంది."

మైథిలి పెన్ను కాగితం మీద ఆగిపోయింది. అచ్యుతరామయ్య కళ్ళజోడు తీసి రిజిస్టరు మూయబోయారు. సీతారావమ్మ చెయ్యి చాచి ఆ పేజీ మీద పెట్టింది.

"మూయకండి. తర్వాతి పేరు చదవండి."